మ్యాగజైన్ నుంచి ఛాంబర్ దాకా: పిస్తోలు తూటా రైఫిల్‌లో ఎందుకు ఇరుక్కుంటుంది

మీట నొక్కిన ప్రతిసారీ ఒక్క తూటాను మాత్రమే పేల్చి, ఆ పేలుడులో పుట్టిన శక్తిలోనే కొంత వాడుకొని ఖాళీ తొడుగును బయటకు విసిరి, తరువాతి తూటాను తనంతట తానే గొట్టం మొదట్లోకి నెట్టుకొనే తుపాకీని సెమీ ఆటోమేటిక్ అంటారు. ఈ పనులన్నీ సెకనులో పదో వంతుకు అటూ ఇటూగా ముగిసిపోతాయి. వాటిలో పేలడమనేది రసాయన శాస్త్రం చూసుకొనే పని కాగా, తూటాను అందించడం పూర్తిగా యాంత్రికమైన పని. పుల్లంత స్ప్రింగ్ సడలినా, రేకు అంచు వెంట్రుకవాసి వంగినా, ఇసుక రేణువు అడ్డుపడినా చెడిపోయేది ఈ రెండో పనే. తూటా తన చోటు విడిచి గమ్యం చేరేలోపు ఆగిపోవడాన్ని మన పోలీసు శిక్షణలో స్టాపేజీ అనీ, మామూలు మాటల్లో జామ్ కావడమనీ అంటారు.

రైఫిల్ కోసం రూపొందిన పొడవాటి తూటాను కాకుండా పిస్తోలు కోసం రూపొందిన పొట్టి తూటాను పేల్చే పొడవు గొట్టపు తుపాకులలో ఈ సమస్యకు ఒక ప్రత్యేక స్వభావం ఉంది. ఇటువంటి సెమీ ఆటోమేటిక్ కార్బైన్లు పౌరుల చేతుల్లో విరివిగా కనిపించేది అమెరికాలో. అక్కడి గురి పోటీల సంస్థ యూఎస్‌పీఎస్‌ఏ 2016లో వీటికి ఒక ప్రత్యేక విభాగాన్నే ఏర్పరచింది. భారతదేశంలో 9 మిల్లీమీటర్ల తుపాకులు నిషిద్ధ బోరు కోవలోకి వస్తాయి కనుక అవి సైన్యానికి, పోలీసులకు పరిమితమయ్యాయి. అయితే ఇక్కడి పోలీసులకు ఏళ్లుగా పరిచయమైన 9 ఎంఎం కార్బైన్‌కూ, అమెరికన్ దుకాణంలో అమ్మే సెమీ ఆటోమేటిక్ కార్బైన్‌కూ తూటా అందే తీరులో మూలసూత్రం ఒకటే కాబట్టి, ఒకదాని చరిత్ర రెండోదాని రోగనిర్ణయానికి పనికివస్తుంది.

తూటా ఇరుక్కున్నప్పుడు నింద సాధారణంగా రైఫిల్ మీదికే పోతుంది. నిజానికి రైఫిల్ కంటే ముందు అనుమానించవలసినది దాని కింద తగిలించే మ్యాగజైన్‌ను. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఒక పిస్తోలు కోసం లెక్కగట్టి చేసిన మ్యాగజైన్‌కూ, మరో రకమైన వేగంతో కదిలే రైఫిల్ బోల్ట్‌కూ మధ్య కుదరని పొత్తును. బోల్ట్ అంటే గొట్టం వెనుక ముందుకూ వెనక్కూ జారుతూ తూటాను నెట్టే, ఖాళీ తొడుగును లాగే ఉక్కు దిమ్మ. ఈ రెండింటి పొత్తు ఎక్కడ తెగుతుందో తెలియాలంటే ముందుగా తూటా ఆకారాన్ని గమనించాలి.

ఆస్ట్రియాకు చెందిన గేయోర్గ్ లూగర్ ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్లలో రూపొందించిన 9×19 పారాబెల్లమ్ తూటా నేటికీ ఈ రంగాన్ని ఏలుతున్నది. చూపుకు అది తిన్నని స్థూపంలా ఉన్నా, దాని ఇత్తడి తొడుగు అడుగు భాగంలో 9.93 మిల్లీమీటర్లు, మూతి దగ్గర సుమారు 9.65 మిల్లీమీటర్లు ఉంటుంది. మిల్లీమీటరులో పావు వంతుకు కాస్త మించిన ఈ తేడా అల్పంగా కనిపిస్తుంది గాని, తూటాలను ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు ప్రతి తూటా తన కింది తూటాతో పోలిస్తే దాదాపు ఒక డిగ్రీ మేర ముందుకు వంగుతుంది. వరుసకు పదిహేను తూటాలు చేరేసరికి ఆ వంపు పదిహేను డిగ్రీల దాపునకు వెళుతుంది. అందువల్ల పొట్టి పిస్తోలు మ్యాగజైన్ తిన్నగా ఉన్నా సరిపోతుంది గాని, ముప్పై తూటాల మ్యాగజైన్ తిన్నగా ఉంటే లోపలి తూటాలు అటూ ఇటూ సర్దుకోవడానికి తంటాలు పడతాయి. హెక్లర్ అండ్ కోచ్ సంస్థ తన ఎంపీ5 తుపాకీకి మొదట తిన్నని మ్యాగజైన్లు ఇచ్చి, 1977లో కొద్దిపాటి వంపు గల ఉక్కు మ్యాగజైన్లకు మారడం ఈ కారణాన్ని గుర్తుచేస్తుంది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పాయింట్ 45 ఏసీపీ తూటా తొడుగు దాదాపు సమంగా ఉంటుంది కాబట్టి దాని మ్యాగజైన్ ఎంత పొడవైనా తిన్నగానే ఉండవచ్చు.

మ్యాగజైన్ పైకి ఒక రేకు పెట్టె. లోపల ఒక స్ప్రింగ్, దాని నెత్తిన తూటాలను పైకి తోసే ఫాలోవర్ అనే పలక, పైన తూటా ఎగిరిపోకుండా లోపలికి వంచిన రెండు అంచులు ఉంటాయి. ఈ అంచులకు లిప్స్ అని పేరు. తూటా ఏ ఎత్తులో నిలవాలో, ఏ కోణంలో ముక్కు ఎత్తాలో, బోల్ట్ నెట్టినప్పుడు ఏ క్షణంలో విడుదల కావాలో నిర్ణయించేది ఈ లిప్సే. వెల చూస్తే తుపాకీ మొత్తంలో చవకైన భాగం, పని చూస్తే అత్యంత సున్నితమైన భాగం కావడం దీని విచిత్రం. కింద పడేది, జేబులో నలిగేది, కొత్తది కొనే దాకా ఎవరూ పట్టించుకోనిది కూడా ఇదే.

తూటాలను రెండు వరుసలుగా పేర్చిన మ్యాగజైన్లలో రెండు పద్ధతులున్నాయి. ఒక పద్ధతిలో రెండు వరుసలూ చివరిదాకా అలాగే కొనసాగి, తూటాలు ఒకసారి ఎడమ లిప్ కింద నుంచి, ఒకసారి కుడి లిప్ కింద నుంచి వెలువడతాయి. రెండో పద్ధతిలో రెండు వరుసలు పైభాగాన ఇరుకైన మెడలోకి వచ్చి ఒకే వరుసగా కలిసి, తూటా ఎప్పుడూ నడిమధ్య నుంచే వెలువడుతుంది. పిస్తోలు పిడి సన్నగా ఉండాలి కనుక పిస్తోళ్లకు రెండో పద్ధతే అనుకూలం. కాని రెండు వరుసలు ఒకటయ్యే ఆ మెడ దగ్గర తూటాలు ఒకదాన్నొకటి పక్కలకు ఒత్తుకొంటాయి. ఆ ఒత్తిడి వల్ల రాపిడి పెరుగుతుంది. అక్కడ కొంచెం మట్టి చేరితే వరుస మొత్తం నిలిచిపోతుంది.

ఈ పద్ధతి చరిత్రలో పరువు పోగొట్టుకొన్నది రెండో ప్రపంచ యుద్ధకాలపు స్టెన్ గన్‌తో. 1941లో రెజినాల్డ్ షెపర్డ్, హెరాల్డ్ టర్పిన్ అనే ఇద్దరు బ్రిటిష్ రూపకర్తలు తయారుచేసిన ఆ తుపాకీకి వారి పేర్ల మొదటి అక్షరాలకు ఎన్‌ఫీల్డ్ కర్మాగారం పేరు జోడించి నామకరణం చేశారు. అత్యంత చవకగా, లక్షల సంఖ్యలో వచ్చిన ఈ తుపాకీకి జర్మన్ నమూనాను అనుసరించిన, రెండు వరుసలు ఒకటిగా కలిసే 32 తూటాల మ్యాగజైన్‌ను పెట్టారు. సైనికులు అనుభవంతో నేర్చుకొన్న ఉపాయం దానిని నిండుగా నింపకపోవడం, అంటే 32కు బదులు రెండు మూడు తూటాలు తగ్గించి పెట్టుకోవడం. ఎడమ పక్కకు పొడుచుకొని ఉండే ఆ మ్యాగజైన్‌నే పిడిగా పట్టుకొని కాల్చే అలవాటు మరో ముప్పు తెచ్చిపెట్టింది. పట్టు బరువుకు మ్యాగజైన్ తన గూటిలో వదులై, తూటా ముక్కు గొట్టానికి ఎదురుగా కాక కాస్త పక్కకు చూసేది. 1942 మే 27న ప్రాగ్‌లో నాజీ అధికారి రైన్‌హార్డ్ హైడ్రిక్ కారుకు అడ్డుగా నిలిచిన యోజెఫ్ గాబ్‌చిక్ చేతిలో పేలకుండా మొరాయించినది స్టెన్ గన్నే. సహచరుడు యాన్ కుబిష్ విసిరిన బాంబు వల్ల అయిన గాయాలతో హైడ్రిక్ జూన్ 4న మరణించాడు గాని, ఆ ఉదంతంతో స్టెన్ పేరుకు అంటిన మచ్చ మాత్రం మిగిలిపోయింది.

స్టెన్ తరువాత వచ్చిన స్టెర్లింగ్ తుపాకీలో జార్జ్ ప్యాచెట్ చేసిన మరమ్మతు చూస్తే జబ్బు ఎక్కడుందో బ్రిటిష్ వారికి బాగానే అర్థమైందని తెలుస్తుంది. ఆయన రెండు వరుసలను చివరిదాకా విడిగానే ఉంచి, తూటా వంపునకు తగినట్టు 34 తూటాల మ్యాగజైన్‌ను వంచి, ఫాలోవర్‌గా పలకకు బదులు రెండు రోలర్లు అమర్చాడు. పలక జారవలసిన చోట రోలర్లు దొర్లుతాయి కనుక రాపిడి తగ్గుతుంది, దుమ్ము నలిగి పక్కకు పోవడానికి వీలుంటుంది. బోల్ట్ ఒంటిమీద ఏటవాలు గట్లు చెక్కి, అది కదిలినప్పుడల్లా లోపలి మసిని గీరి తోసేసేలా చేశారు. 1953లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన ఈ తుపాకీయే కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీలో కార్బైన్ 1ఏ పేరుతో తయారై, మన దేశంలో సైనికుల, పోలీసుల భుజాలకెక్కింది. తూటాను మార్చకుండా ప్రధానంగా మ్యాగజైన్‌ను మార్చి ఒక ఆయుధ వంశానికి పోయిన పరువు తిరిగి తేవడం ఇంజనీరింగ్ చరిత్రలో తగినంత గుర్తింపు పొందని ఘట్టం.

మ్యాగజైన్ సరిగా ఉన్నా బోల్ట్ వేగం తేడాగా ఉంటే ఫలితం అంతే. పిస్తోలు తూటాల కార్బైన్లలో ఎక్కువ భాగం బ్లోబ్యాక్ అనే సరళ పద్ధతిలో పనిచేస్తాయి. అంటే పేలే క్షణంలో బోల్ట్‌ను గొట్టానికి బిగించి ఉంచే గడియ ఏదీ ఉండదు, దాని బరువూ వెనుక స్ప్రింగూ మాత్రమే దానిని కాసేపు ఆపుతాయి. తూటా కొస నుంచి ఎగిరిపోయే 8 గ్రాముల బుల్లెట్ పొడవాటి గొట్టం నుంచి సెకనుకు సుమారు 380 మీటర్ల వేగంతో బయలుదేరితే, దాని ద్రవ్యవేగం సెకనుకు మూడు కిలోగ్రాం మీటర్లకు కాస్త పైగా ఉంటుంది. అంతే ద్రవ్యవేగం వెనక్కి తిరిగి బోల్ట్‌కు చేరుతుంది. బోల్ట్, దానితో కదిలే బఫర్ అనే దిమ్మ కలిపి 650 గ్రాములుంటే అది సెకనుకు దాదాపు 5 మీటర్ల వేగంతో వెనక్కి దూసుకుపోతుంది. బరువు తక్కువైతే వేగం పెరుగుతుంది, బరువు మరీ ఎక్కువైతే బోల్ట్ పూర్తిగా వెనక్కి రాకుండానే తిరిగిపోతుంది.

బోల్ట్ తూటా వెనుక అంచు దాటి వెనక్కి వెళ్లి, మళ్లీ అదే అంచు దగ్గరకు ముందుకు వచ్చే లోపల మ్యాగజైన్ స్ప్రింగ్ మొత్తం వరుసను పైకి లేపాలి. ఆ వ్యవధి 25 మిల్లీసెకన్లు అనుకొని, తూటా 7 మిల్లీమీటర్లు లేవాలనుకొంటే, సాధారణ చలన సూత్రం ప్రకారం కావలసిన త్వరణం గురుత్వ త్వరణానికి రెండింతలు మించుతుంది. ఒక్కో తూటా 12 గ్రాముల చొప్పున ముప్పై తూటాల బరువు 360 గ్రాములు. దానిని ఆ వేగంతో, రాపిడిని ఓడిస్తూ ఎత్తడం సన్నని తీగ స్ప్రింగ్‌కు చిన్న పని కాదు. పిస్తోలు పైభాగాన జారే స్లైడ్ కదిలే లయకు తగినట్టు ఎంచిన స్ప్రింగ్ రైఫిల్ బోల్ట్ లయకు చాలకపోతే తప్పు పట్టవలసింది స్ప్రింగ్‌ను కాదు, ఆ జతను.

మ్యాగజైన్ నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకొని ఉండి పై తూటాను లిప్స్‌కేసి గట్టిగా అదుముతుంది. బోల్ట్ ఆ తూటాను లాక్కెళ్లడంలోనే బలం కోల్పోయి, ఛాంబర్ పూర్తిగా మూసుకోకముందే ఆగిపోవచ్చు. ఛాంబర్ అంటే పేలేటప్పుడు తూటా కూర్చొనే గొట్టం మొదటి భాగం. మ్యాగజైన్ ఖాళీ అవుతున్నప్పుడు బరువు తగ్గినా స్ప్రింగ్ సాగిపోయి బలహీనపడుతుంది. ఫాలోవర్ ఆలస్యంగా లేచి, బోల్ట్ తూటా వెనుక అంచును కాకుండా నడుమును తాకుతుంది. కనుక మొదటి రెండు మూడు తూటాల దగ్గర వచ్చే అవాంతరాన్నీ, చివరి రెండు మూడింటి దగ్గర వచ్చే అవాంతరాన్నీ ఒకే గాటన కట్టకూడదు. తూటా ఎన్నోదో గుర్తు పెట్టుకోకుండా తుపాకీ మొరాయించిందని మాత్రమే చెప్పేవాడు తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌కు సగం సమాచారమే ఇచ్చినట్టు.

మిగతా సగాన్ని ఇరుక్కున్న తూటాయే చెబుతుంది. దాని ముక్కు కిందికి వాలి, గొట్టం మొదట్లో ఉండే ఏటవాలు చప్టా అయిన ర్యాంప్ కింది అంచునో, మ్యాగజైన్ ముందు గోడనో గుచ్చుకొని ఉంటే, మ్యాగజైన్ తన గూటిలో కావలసిన దానికంటే కిందకు కూర్చుందనో, ఫాలోవర్ ముందుకు ఒరిగిందనో, స్ప్రింగ్ అలసిపోయిందనో అనుకోవాలి. దీనికి జడత్వం కూడా తోడవుతుంది. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు మ్యాగజైన్ దానితోపాటు కదులుతుంది గాని లోపలి తూటాలు ఉన్నచోటనే ఉండబోయి, పెట్టెతో పోలిస్తే ముందుకు జారతాయి. ముక్కు పైకి లేచి ఛాంబర్ పైఅంచుకు తగిలి నిలిచిపోతే, లిప్స్ తూటాను వేళకు ముందే వదిలేశాయని, లేదా తొడుగు వెనుక గాడిని పట్టుకొనే కొక్కెమైన ఎక్స్‌ట్రాక్టర్ మరీ బిగుసుగా ఉండి తొడుగును తన కిందికి జారనివ్వడం లేదని అర్థం. ఇత్తడి తొడుగు నడుమున అడ్డంగా సొట్ట కనిపిస్తే బోల్ట్ తూటా మీదికెక్కిందన్నమాట. వరుస వేళకు లేవలేదు, లేదా బోల్ట్ చాలినంత వెనక్కి రాలేదు. ఒకేసారి రెండు తూటాలు బయటపడితే లిప్స్ విచ్చుకొన్నాయని చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. రెండు పక్కల నుంచి తూటాలనిచ్చే మ్యాగజైన్‌లో అవాంతరం తూటా విడిచి తూటాకు వస్తూ ఉంటే, ఒక పక్క లిప్ మాత్రమే వంగిందని ఊహించవచ్చు. నడిమి నుంచి ఇచ్చే మ్యాగజైన్‌లో ఆ క్రమం కనబడదు.

తూటా దాదాపుగా లోపలికి వెళ్లి బోల్ట్ రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో నిలిచిపోవడం వేరే జాతికి చెందిన తప్పు. ఛాంబర్‌లో పేరుకొన్న మసి, సడలిన వెనుక స్ప్రింగ్, కొలత మించిన తూటా దీనికి కారణాలు. 9×19 తూటా మొత్తం పొడవు 29.69 మిల్లీమీటర్లు మించరాదని ప్రమాణం; ఇంట్లో తూటాలు మళ్లీ నింపుకొనే అలవాటున్న దేశాల్లో ఈ హద్దు దాటిన తూటాలు, మూతి సరిగా నొక్కని తొడుగులు తరచుగా తగులుతాయి. ఇలాంటప్పుడు బోల్ట్‌ను చేత్తో బలవంతంగా ముందుకు కొట్టడం ప్రమాదకరం. బ్లోబ్యాక్ తుపాకీలో తొడుగు గోడలు ఛాంబర్ ఆసరా లేకుండా పేలుడు ఒత్తిడికి గురైతే ఇత్తడి చిరిగి, వేడి వాయువులు మ్యాగజైన్ గూటిలోంచి చేతుల మీదికి తన్నుకొస్తాయి.

బుల్లెట్ ముక్కు ఆకారం ప్రభావం కూడా తక్కువేమీ కాదు. గుండ్రని ముక్కుపై నిండుగా లోహపు కవచమున్న బుల్లెట్ ర్యాంప్ మీద జారిపోతుంది. ముక్కున గుంట ఉన్న హాలో పాయింట్ బుల్లెట్ తన వెడల్పాటి అంచుతో అదే ర్యాంప్‌ను గుచ్చుకొంటుంది. పాత కార్బైన్లలో చాలావాటిని మొదటి రకాన్ని మాత్రమే దృష్టిలో ఉంచుకొని చేశారు.

పిస్తోళ్ల నుంచి కార్బైన్లు అరువు తెచ్చుకొనే మ్యాగజైన్ల కథ ఇక్కడికి చేరుతుంది. మార్లిన్ సంస్థ 1985 నుంచి 1999 వరకు తయారుచేసిన క్యాంప్ కార్బైన్ 9 ఎంఎం రూపంలో స్మిత్ అండ్ వెస్సన్ పిస్తోలు మ్యాగజైన్లను, పాయింట్ 45 రూపంలో 1911 పిస్తోలు మ్యాగజైన్లను వాడుకొంది. కోల్ట్ సంస్థ తన 9 ఎంఎం కార్బైన్ కోసం రైఫిల్ మ్యాగజైన్ గూటిలో ఒక దిమ్మను బిగించి, ఊజీ తుపాకీ మ్యాగజైన్‌ను కొద్దిగా మార్చి పెట్టింది. ఆ మ్యాగజైన్ రెండు పక్కల నుంచి తూటాలనిస్తుంది కనుక ఎంపిక వివేకవంతమైనదే. ఇటీవలి రూగర్ పీసీ కార్బైన్ గూడును మార్చుకొంటే అదే సంస్థ పిస్తోలు మ్యాగజైన్ గాని, గ్లాక్ పిస్తోలు మ్యాగజైన్ గాని తగిలించుకోవచ్చు. ఒకే మ్యాగజైన్ పిస్తోలుకూ రైఫిల్‌కూ పనికిరావడం కొనేవాడికి లాభం. కాని ఒక పక్క కొక్కెం మీద మాత్రమే వేలాడే ప్లాస్టిక్ మ్యాగజైన్ పిస్తోలు పిడిలో నాలుగు వైపులా ఆసరా పొంది నిశ్చలంగా ఉన్నంతగా, వేరే సంస్థ చేసిన రైఫిల్ గూటిలో ఉండదు. పైకి నెడితే ఒక ఎత్తు, కిందికి లాగితే మరో ఎత్తు చూపే మ్యాగజైన్‌కు ఎన్ని కొత్త స్ప్రింగ్‌లు వేసినా ప్రయోజనం పరిమితమే.

పరీక్షించే పద్ధతిలో క్రమం ముఖ్యం. తుపాకీ ఖాళీగా ఉందని ఛాంబర్‌లోకి చూసి, వేలితో తడిమి నిర్ధారించుకొన్న తరువాతే ఏ పనికైనా పూనుకోవాలి. మ్యాగజైన్లకు అంకెలు వేసి, ఏ అంకె మీద ఎన్నో తూటా దగ్గర ఆగిందో రాసుకొంటూ పోతే, అవాంతరం ఒకే మ్యాగజైన్‌ను వెంటాడుతోందా, అన్నింటినీ సమంగా పీడిస్తోందా అనే మొదటి ప్రశ్న తేలిపోతుంది. మొదటిదైతే రైఫిల్ నిర్దోషి. రెండోదైతే శుభ్రపరచి, నూనె వేసి, కర్మాగారంలో చేసిన గుండ్రని ముక్కు తూటాలతో మళ్లీ చూడాలి. ఆ తరువాతే వెనుక స్ప్రింగ్‌ను, ఎక్స్‌ట్రాక్టర్‌ను మార్చి చూడాలి, అదీ ఒక్కసారికి ఒక్కదాన్ని. మందు లేని డమ్మీ తూటాలతో బోల్ట్‌ను చేత్తో ఆడించి చూడటం తూటా కోణాన్ని గమనించడానికి పనికివస్తుంది గాని, చెయ్యి ఎంత వేగంగా కదిలినా బోల్ట్ అసలు వేగాన్ని అందుకోలేదు కాబట్టి, వరుస వేళకు లేస్తోందా లేదా అనేది ఆ పరీక్షలో ఎన్నటికీ బయటపడదు.

అన్నింటికంటే చివర చేయవలసిన పనిని చాలామంది మొదటే చేస్తారు. అది ర్యాంప్‌ను ఆకురాయితో రాయడం. మెరుగు పెట్టడం వేరు, లోహాన్ని అరగదీయడం వేరు. ర్యాంప్ లోతు పెరిగిన కొద్దీ దాని పైకొస ఛాంబర్ లోపలికి, ముందుకు జరిగి, తూటా అడుగు దగ్గర ఇత్తడి తొడుగుకు ఛాంబర్ గోడ ఆసరా లేకుండా పోతుంది. 9×19 తూటా ఒత్తిడి 235 మెగాపాస్కళ్ల దాకా, అంటే వాతావరణ పీడనానికి రెండు వేల రెట్లకు పైగా పోగలదు. ఆసరా లేని ఆ చోట తొడుగు ముందు ఉబ్బుతుంది. ఖాళీ తొడుగుల అడుగున ఒక పక్క బుడిపె కనిపించడం మొదలైతే ఆ గొట్టాన్ని మార్చవలసిందే తప్ప, రాసిన లోహాన్ని తిరిగి చేర్చే వీలు లేదు.